తినమనే మాట

అన్నవరం కొండ మీద పెళ్ళిచూపులయ్యాయి. పెద్దలు కావాలనే పక్కకి తప్పుకున్నారు. ఇండోనేషియాలో చదివొచ్చిన కౌముది, దక్షిణాఫ్రికాలో ఉద్యోగం చేసొచ్చిన పెళ్ళికొడుకు మంటపంలో మిగిలారు.

“నేను చదివిన చోట సుండా భాషలో పెద్దల్ని తినమనడానికి ఒక మాటండి, మనవాళ్ళకి ఇంకో మాట.”

“ఆఫ్రికాన్స్‌లో అందరికీ ఒకటేనండి. కానీ దారిన పోయే పెద్దాయన్ని కూడా బాబాయ్ అంటారు.”

“మా ఇంట్లో అమ్మ ‘ఏవండీ’ అంటుంది, నాన్నగారు ‘ఒసేయ్’ అంటారు. మీ ఇంట్లో?”

“అంతేనండి. మన ఇంట్లో మాత్రం ఇద్దరికీ ఒకటే మాట ఉంటే బాగుంటుందండి.”

కౌముది ప్రసాదం పొట్లం విప్పి, అతని ముందుకి జరిపి, సుండా భాషలో తినమంది.

“ఇది పెద్దలకి చెప్పే మాటాండి?”

“కాదండి. మనవాళ్ళ మాటే.”