దొరగారి కడుపులో సిమెంటు

హలో… ఆ, నేనే డాక్టరమ్మా, ఇందాకట్నుంచీ ఫోన్ల మీద ఫోన్లు కొట్టింది నేనే. తాపీమేస్త్రీని. మా కుక్క, దొర… ఆ, ఆ బొచ్చువాడే.

…

సిమెంటు తినేశాడండీ.

…

అయ్యో, నేను తాగలేదమ్మా, ఒట్టు! మా బాత్రూం గచ్చు లేచిపోతే పూద్దామని సిమెంటు మాలు కలిపా. నా చేతిలో ఉడికిన గుడ్డు జారి అందులో పడింది. నేను వంగేలోపే వాడు మూతి పెట్టేశాడు.

…

ఎంతంటే… తట్టెడు.

…

సరే, సగం తట్ట— నువ్వుండవే, నేను చెబుతున్నాగా!… మా ఆవిడండీ. లోకంలో గోడలన్నీ కట్టొచ్చి సొంత గచ్చు దగ్గర కుక్కని చంపుతున్నానట.

…

మందు దాన్నిబట్టే ఇస్తారా?… అయితే నిజం చెప్పేస్తా. గుప్పెడు. గుడ్డుకి అంటుకున్నదీ, ఆ పైన నాకిందీ. అంతే తల్లీ.

…

పొడి కాదు, తడిదే.

…

కక్కించలేదు… మళ్ళీ పైకొస్తే గొంతు కాలుతుందా! ఒసే, ఆ ఉప్పునీళ్ళు పారబొయ్యి! డాక్టరమ్మ వద్దంటున్నారు!

…

నేనా? వీణ్ణి తిప్పుతున్నానండీ. మేడ మీదకీ కిందకీ. తిన్నప్పట్నుంచీ ఆపలేదు.

…

ఎందుకేంటమ్మా, గట్టిపడిపోదూ! కాంక్రీటు లారీ చూళ్ళేదా? డ్రమ్ము తిరిగినంతసేపే మాలు మెత్తన. ఆగిందా, ఇక గునపమే. అందుకే వీణ్ణి కూర్చోనివ్వలేదు. మెట్టుమెట్టుకీ నా మొహంలోకి చూస్తాడు… మళ్ళీ నడుస్తాడు పాపం. నాకైతే మోకాళ్ళు ఊడి చేతికొచ్చాయి.

…

నవ్వండమ్మా, నవ్వండి. మీరు నవ్వారంటే బతుకుతాడనేగా?

…

ఇంకా చెప్పలేరా… ఊఁ.

…

ఆపెయ్యమంటారా?… రేయ్ దొరా, కూర్చోరా… కూర్చున్నాడండీ. కూర్చోడమేంటి, కూలబడ్డాడు. నేనూ పక్కనే కూలబడ్డా.

…

నోరా… ఉండండి, తెరుస్తున్నా. చిగుళ్ళు కందాయి. కింది పెదవి లోపల తెల్లగా పొక్కింది. నేను గుడ్డు తినడం కూడా సరిగ్గా చాతకానివాణ్ణి—

…

అలాగే. మంచినీళ్ళతో, మెల్లగా. కడుగుతున్నా… ఏమీ అనట్లేదు. కరిచినా బాగుండును.

…

ఇప్పుడే తీసుకురావాలా?… నడిపించొద్దా? అమ్మా, వీడు దూడంత ఉంటాడు… కోతలు కాదండీ, మీరూ చూశారుగా.

…

తెస్తాను. ఎలాగోలా ఎత్తుకొస్తాను. తలుపు తీసే ఉంచండి… ఒసే, ఆ దుప్పటి ఇలా తే. ఏడవకు, ముందు తాళం వెయ్యి.

…

డాక్టరమ్మా, ఫోను కింద పెట్టేస్తున్నా. వీణ్ణి ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి.