కన్ను తెగనియ్యద్దు

"అవ్వా, బాపుకు ఆపరేషన్ జేసే డాక్టరమ్మ నీకు ముందే ఎరుకనట గదా?"

ఎరుకెందుకు గాదు బిడ్డ. ముందుగాల దవాఖానకు పోయే కారు వచ్చిందా సూడు. రాలేదా? డ్రైవర్‌కు ఇంకోపారి ఫోన్ కొట్టు. మీ బాపు మందులు సంచిల పెట్టినవా... ఆ, కూసుంట తియ్యి, ఒక్క తాన కాలు నిలుస్తలేదు.

సునీత అది. అది అనొద్దు గని నోరు తిరుగుతలేదు. మన చెరుకు చేనుకు కూలికొచ్చే గంగవ్వ బిడ్డ. గప్పుడు ఎడపల్లి నుంచి బోధన్ దాంక అంత చెరుకే, బస్సు టికెట్ రూపాయి... రూపాయా, ఆఠాణానా? గదెందుకు గని. బడి లేనప్పుడు తల్లెంబడి వస్తుండె. నాటేతందుకు ఇత్తనం చెరుకు ముక్కలు కొట్టుమని కత్తి ఇచ్చిన. ముక్కకు మూడు కండ్లుండాలె, కన్ను నుంచే గద మొలకొచ్చేది. గీ పోరి ఏం జేసింది, కండ్ల మీదికెల్లే కొట్టి కుప్పేసింది. నాకు కోపం ఆగుతదా? చేతిలున్న చెరుకు గడతోని దాని చెయ్యి మీద ఒక్కటిచ్చిన. కన్ను తెగితే ముక్క సచ్చినట్టే, తడి గోనె కింద దాయి, ఎండకముందే నాటాలె అని తిట్టుకుంట నేర్పిన. ఏడ్సుకుంటనే నేర్సుకున్నది. మల్ల ఒక్క కన్ను తెగలే.

గంతటితోని ఊకున్ననా? పది పాసైందని గంగవ్వ సంబురంగ చెప్తే, "మీ పోరి సదివితే గడ ఎవ్వరు కొడ్తరే?" అన్న. గీ నోటితోనే అన్న. తల్సుకుంటే సిగ్గయితది.

అది ఆగలే. నిజామాబాద్ల ఇంటర్, ఆనక డాక్టర్ సదువు, గదైనంక ఆపరేషన్ల సదువు. గదైనంక గూడ ఇంకోటి, కిడ్నీ, కార్జం, గిసొంటి కడుపులయి ఒగరియి దీసి ఇంకొగరికి పెట్టేది. గా ఒక్క పని నేర్సుకుంట మద్రాసుల ఏండ్లకేండ్లు ఉన్నదట. మద్రాసో, బొంబాయో.

మీ బాపు కిడ్నీలు రెండూ పాడైనయి, నాది సరిపోతది అన్నరు గద, మొన్న పరీక్షలకు పోతే డాక్టర్ అని అదే వచ్చింది. నాది దీసేది గా చెయ్యే, నా కొడుక్కు పెట్టేది గా చెయ్యే. "బిడ్డా, గప్పుడు చెయ్యి నొచ్చిందా?" అని అడిగిన.

నవ్వలే. "నొచ్చింది పెద్దమ్మా. మా అమ్మతోని నువ్వన్న మాట ఇంకా నొస్తది," అన్నది. ఆనక నా కడుపు మీద చెయ్యేసి, "కన్ను తెగనియ్య. ఎండనియ్య. నువ్వు నిమ్మలంగుండు," అన్నది.

నిమ్మలం ఎక్కడిది బిడ్డ. కోతకు గాదు నా భయం. మీ బాపు లేసి కూసున్నంక, ఆమె మొకం నేనెట్ల సూడాలె...

హారన్ గాదు అది? పో, మీ బాపును లేపు. మెల్లగ లేపు. నువ్వు మటుకు ఎవ్వరి బిడ్డను గట్ల అనకు. సల్లగుండు.