మగ్గబెట్టిన పెట్రోలు

నా పేరు ప్రమీలారాణి. తండ్రి పేరు లక్ష్మీనరసింహారావు, విస్సన్నపేటలో వ్యవసాయం. నాకు పదిహేడేళ్ళు. నూజివీడు కాలేజీలో పి.యు.సి. పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురు చూస్తున్నాను. చదువు నిమిత్తం ఆగిరిపల్లిలో మా బాబాయి పున్నయ్యగారి ఇంట్లో ఉంటున్నాను. ఈ కేసులో ఫిర్యాది ఆయనే. 1967 మే పదమూడో తేదీ ఉదయం సబ్ ఇన్‌స్పెక్టరుగారు నన్ను విచారించి, "నీకు రాయడం బాగా వచ్చు గదా, నీ మాటల్లో నువ్వే రాయమ్మా" అన్నారు. అందువల్ల ఈ వాంగ్మూలం నా చేతితోనే రాస్తున్నాను.

మా బాబాయికి ఒక మోటారు సైకిలు ఉంది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు అమ్మేసిన బండ్లలో అదొకటి. మామిడి తోటల మధ్య తిరగడానికి, కాయ చూడవచ్చిన బేరగాళ్ళను ఎక్కించుకు తిప్పడానికి వాడతారు. నేను పరీక్షలకు దాని వెనక కూర్చునే వెళ్ళాను. మామూలు పెట్రోలుతో నడిచేది. ఎప్పుడూ మొరాయించలేదు.

ఏప్రిల్ ఆఖర్న బెజవాడ నుంచి ఒక కమీషను వ్యాపారి తోట చూడటానికి వచ్చాడు. అతను బాబాయితో, "ఇంకా ఆ నీళ్ళ పెట్రోలే పోస్తున్నారా? హై ఆక్టేన్ వచ్చింది గదండీ. పోసి చూడండి, బండి నేల మీద ఆగదు" అన్నాడు. ఆ మాట బాబాయి మనసులో పడిపోయింది. భోజనం దగ్గర కూడా హై ఆక్టేన్ గురించే మాట్లాడారు. మా పిన్ని గోవిందమ్మ, "అన్నంలో పోసుకుంటారా ఏంటి?" అంది.

మే మూడో తేదీ ఉదయం బాబాయీ నేనూ నూజివీడు వెళ్ళాం. అక్కడి బంకులో రెండు రకాల పెట్రోలూ ఉన్నాయి. పెట్రోలు కొట్టే అతను సువర్ణరాజు. అతని భార్య లేయా మా తోటలో కాయ ఏరి బుట్టలకెత్తే పనికి వస్తుంది కాబట్టి అతను మాకు తెలుసు. బాబాయి ట్యాంకులో ఉన్నదంతా తీయించి హై ఆక్టేన్ పోయించారు. తిరిగి వచ్చేటప్పుడు ఆగిరిపల్లి దారిలో ఎత్తు ఎక్కుతూ, "తేడా తెలుస్తోందా అమ్మాయ్?" అని అడిగారు. లేదన్నాను. "గాలి ఎక్కువ తగలట్లా?" అన్నారు. "అది ఎదురుగాలి బాబాయ్" అన్నాను.

రెండు రోజుల తర్వాత మళ్ళీ అదే బంకుకి వెళ్ళాం. బాబాయి, "ఏరా సువర్ణరాజూ, నీ హై ఆక్టేనుకీ మామూలుదానికీ రంగు తప్ప తేడా ఏంట్రా?" అని అడిగారు. సువర్ణరాజు నవ్వి, "అంత తొందరైతే ఎలాగండీ? తమరి తోటలో కాయ కోసిన పూటే తియ్యగుంటదా? మగ్గాలి గదండీ" అన్నాడు. అది వేళాకోళం మాట. నేను నవ్వాను. బాబాయి కూడా నవ్వారు. అలా నవ్వుతూనే ఒక డబ్బా నిండా హై ఆక్టేన్ పట్టించుకున్నారు. డబ్బాలో పడింది హై ఆక్టేనేనని నేను చెప్పగలను. కనిపించిన అక్షరమల్లా చదివే అలవాటు నాకుంది. ఆ పంపు మీద ఉన్న పేరు రెండుసార్లు చదివాను.

మా ఇంటి వెనక కాయ మగ్గబెట్టే గది ఉంది. దానికి కిటికీ లేదు. నేల మీద వరిగడ్డి పరిచి, కాయ పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పి తలుపు మూస్తారు. ఈ నెలలో ఆ గది లోపల పొయ్యిలా ఉంటుంది. ఆ సాయంత్రం బాబాయి పెట్రోలు డబ్బాను ఆ గదిలోకి తీసుకెళ్ళి బంగినపల్లి కాయల పక్కన గడ్డిలో పెట్టారు. తర్వాత మూత వదులు చేశారు.

"మూత ఎందుకు బాబాయ్?" అన్నాను.

"మగ్గే సరుక్కి గాలాడాలమ్మాయ్. బిగించి పెడితే కుళ్ళుతుంది."

నవ్వుతున్నారేమోనని మొహం చూశాను. నవ్వడం లేదు. "పెట్రోలు కాయ కాదు బాబాయ్" అన్నాను. "నువ్వు పుస్తకాలు చదివావు. నేను నీ వయసప్పటి నుంచీ మగ్గబెడుతున్నాను" అని తలుపు వేశారు.

మే పదో తేదీన పిన్ని ఆ గదిలోంచి పళ్ళు తెచ్చి కోసింది. ఒక ముక్క నోట్లో పెట్టుకుని వెంటనే ఉమ్మేసింది. "ఏంటిది, లారీ నాకినట్టుంది" అంది. నేను కూడా తిన్నాను. పండు తియ్యగానే ఉంది, కాని పెట్రోలు వాసన వేసింది. పిన్ని గదిలోకి వెళ్ళి డబ్బా చూసి వచ్చి, "నేను దీపం పట్టుకుని వెళ్ళుంటే ఈపాటికి ఇల్లుండేదా?" అని బాబాయిని అడిగింది. బాబాయి డబ్బా బయటికి తెచ్చారు. నిండుగా పెట్టినది బాగా వెలితిపడి ఉంది. "మగ్గితే కాయ కూడా తూకం తగ్గుతుంది" అన్నారు.

పన్నెండో తేదీ పొద్దున బాబాయి బండిలో ఉన్న పాతది తీసేసి ఈ పెట్రోలు పోశారు. కాయల బజారుకి బయలుదేరాం. స్టార్టు కావడానికి చాలాసేపు తన్నాల్సి వచ్చింది. దారంతా దగ్గుతూ నడిచింది. సరిగ్గా బేరగాళ్ళంతా నిలబడి ఉన్నచోట ఆగిపోయింది. బాబాయి చొక్కా తడిసిపోయేదాకా తన్నారు. "పున్నయ్యగారూ, పోనీ ఎడ్లను కట్టిద్దామంటారా?" అని ఒకాయన అన్నాడు. "హై ఆక్టేన్ ఎడ్లు గావాలి మరి!" అని ఇంకొకాయన అన్నాడు. అందరూ నవ్వారు. బాబాయి నా వైపు చూడలేదు.

అక్కడి నుంచి బండిని లారీ మీద వేయించి నూజివీడు బంకుకి తెచ్చారు. సువర్ణరాజుతో, "ఏం పెట్రోలురా ఇది? ఇందులో ఏదో కలిసింది" అన్నారు. సువర్ణరాజు, "ఏం కలుస్తదండీ, తమరి ముందే గదండీ కొట్టింది?" అన్నాడు. జనం మూగారు. వాళ్ళలో ఎవరో "కిరసనాయిలు" అన్నారు. అన్నదెవరో నేను చూడలేదు. బాబాయి మాత్రం కాదు.

తర్వాత బాబాయి అర్జీలు రాసే బసవపున్నారావుగారి దగ్గరికి వెళ్ళారు. నేను పక్కనే ఉన్నాను. బాబాయి చెప్పిన మాట: "పెట్రోల్లో ఏదో కలిసిందండి, బండి ఆగిపోయింది." బసవపున్నారావుగారు రాసిన మాట: "సువర్ణరాజు అనువాడు కిరసనాయిలు కలిపాడు." నేను, "బాబాయి కలిసింది అన్నారండీ. మీరు కలిపాడు అని రాశారు" అన్నాను. ఆయన కలం ఆపకుండా, "కర్త లేని వాక్యం మీద కేసు కట్టరమ్మా" అన్నారు. బాబాయి విన్నారు. విని సంతకం పెట్టి, ఆ కాగితం స్టేషనులో ఇచ్చారు.

ఈ రెండు మాటలకీ ఉన్న తేడా ఇక్కడ రాయడం అవసరమని నేననుకుంటున్నాను. కలిసింది అంటే ఎవరి చెయ్యీ లేకుండా కలవవచ్చు. కలిపాడు అంటే ఒక మనిషి చెయ్యి కావాలి. అందుకు సువర్ణరాజు చెయ్యి దొరికింది.

ఈ ఉదయం నూజివీడు స్టేషను మెట్ల దగ్గర లేయా కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. "మా ఆయన రాత్రి నుంచి లోపల మగ్గుతున్నాడు అమ్మాయిగారూ. కేసు పడితే ఇంక పనిలోకి రావద్దని ఓనరుగారు కబురంపారు" అంది. మగ్గడం అన్న మాట మా ఇంట్లో వారం రోజులుగా అందరం అంటున్నాం. అదే మాట ఆమె నోట విని నేను లోపలికి వెళ్ళాను.

ఆ పెట్రోలు అసలు మంచిదా కాదా అని ఎస్.ఐ. గారు అడిగారు. మా కెమిస్ట్రీ లెక్చరరుగారు ఆక్టేన్ అంటే బలం కాదు, ఓర్పు అని చెప్పారు. ఇంజను పెట్రోలు ఆవిరిని నొక్కుతుంది. ఆ నొక్కుడుకి ఓర్చుకోలేని పెట్రోలు వేళ కాకముందే తనంతట తాను భగ్గుమంటుంది. అప్పుడు లోపల గులకరాళ్ళు పోసినట్టు టకటకమని చప్పుడొస్తుంది. హై ఆక్టేన్ ఆ నొక్కుడును ఓర్చుకుంటుంది. దాని గొప్ప అంతే. మా పాత మిలిటరీ బండి అంత గట్టిగా నొక్కదు. నొక్కని బండికి ఓర్పు పోసి లాభం లేదు, నష్టమూ లేదు. కొత్త రకం బండ్లలో కొన్నింటికి పనికొస్తుంది.

"మరి నా బండికి?" అని ఎస్.ఐ. గారు అడిగారు.

"ఎత్తెక్కేటప్పుడు టకటకమంటుందా అండీ?"

"లేదే."

"అయితే అక్కర్లేదండీ."

బెంచీ మీద కూర్చున్న బాబాయి, "అంటే నేను కొన్నది ఓర్పా?" అన్నారు.

బండి ఆగడానికి కారణం హై ఆక్టేన్ కాదు, కల్తీ కాదు. వేడి గదిలో మూత వదులుగా ఉన్న డబ్బాలోంచి త్వరగా అంటుకునే సారమంతా ఆవిరైపోయింది. మిగిలింది మొద్దు సరుకు. నిన్న మెకానిక్ అది తీసేసి మామూలు పెట్రోలు పోస్తే బండి ఒక్క తన్నుకే స్టార్టయింది. డబ్బాలో ఎవరూ ఏమీ కలపలేదు.

నేను బాబాయి ఇంట్లో ఉంటున్నాను. నన్ను డిగ్రీకి పంపాలా వద్దా అన్నది ఆయన మాట మీద ఆధారపడి ఉంది. అది తెలిసే ఇది రాశాను. ఇలా రాయమని నాకు ఎవరూ చెప్పలేదు.

ఇంతవరకు రాసినదాన్ని ఎస్.ఐ. గారు నాచేత పైకి చదివించారు. బాబాయినీ సువర్ణరాజునూ ఎదురుగా నిలబెట్టారు. చదవడం అయ్యాక బాబాయిని "ఏమంటారు?" అని అడిగారు. బాబాయి కండువాతో మొహం తుడుచుకుని, "పిల్ల రాసింది నిజమేనండి. నా కాగితం నాకిచ్చేయండి" అన్నారు. ఎస్.ఐ. గారు సువర్ణరాజును వెళ్ళమన్నారు. బంకు ఓనరుకి తానే కబురు చేస్తానని కూడా అన్నారు.

ఆ తర్వాత జరిగింది రాయమని నన్నెవరూ అడగలేదు. కళ్ళెదుట జరిగింది గనుక, ఎస్.ఐ. గారి అనుమతితో రాస్తున్నాను. సువర్ణరాజు చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగాడు. రోడ్డు మీదికి వచ్చాక వేసుకున్నాడు. బాబాయి అప్పటికే బండి స్టార్టు చేసి ఉన్నారు. "ఎండగా ఉంది. ఎక్కరా, బంకు దగ్గర దింపుతాను" అన్నారు. సువర్ణరాజు బండిని చూశాడు. "వద్దండి బాబూ. నడిచెళ్తామండి" అన్నాడు. ఆ మాట మెల్లగా, మర్యాదగా అన్నాడు. అతనూ లేయా రోడ్డు వారగా నడిచి వెళ్ళారు. వాళ్ళు మలుపు తిరిగేదాకా బాబాయి కదలలేదు. ఇంజను కూడా ఆపలేదు.

పై సంగతులన్నీ నేను స్వయంగా చూసినవీ విన్నవీ. ఒకరు చెప్పగా తెలిసిన చోట ఆ సంగతి చెప్పాను. మరొకసారి మొదటి నుంచి చదువుకుని, మార్చవలసింది లేదని తేల్చుకుని సంతకం చేస్తున్నాను.

(సం.) ప్రమీలారాణి
13-5-1967