లీల పూలు

(నర్సీపట్నం, 1981. చర్చి వెనక వీధిలో కరుణకుమారి ఇల్లు. కొండలమ్మ చేపల తట్ట దించుకుని గుమ్మం ముందు కూర్చుంది.)

“చేపలొద్దన్నాను కదా. ఇంకా కూర్చున్నావేం? ఎండెక్కుతోంది.”

“సేపల కోసం కాదమ్మగోరు. ఆ పూలు… దారాల్లాటి ఆకు, ముట్టుకుంటే ఇరిగిపోయీలాగున్నాయి. ఆటి గింజలు కాసిన్ని ఇప్పించండి.”

“మీదే ఊరు?”

“రేవుపోలవరమండి. మొన్న తుపానుకి ఉప్పునీళ్ళొచ్చీసి మా మొక్కలన్నీ మాడిపోనాయి. మనవరాలు ఒకటే ఏడుపు. తల్లి నేని పిల్లండి.”

“అయ్యో. ఇస్తాను. కానీ పేరు పెట్టి అడగాలి. ఈ వీధిలో అందరూ అలాగే అడుగుతారు.”

“పేరేటండి?”

“లీల పూలు. అను మరి.”

“ఆ పేరెవులెట్టారమ్మా?”

“నేనే. గింజలిచ్చినప్పుడు చర్చి దొరసానమ్మ ఏదో ఇంగ్లీషు పేరు చెప్పింది, నాకు నోరు తిరగలేదు. మా అమ్మాయే రోజూ నీళ్ళు పోసేది. తర్వాత… మా మతం కాని కుర్రాడితో వెళ్ళిపోయింది. ఏ ఊరో కూడా తెలీదు. ఈ ఇంట్లో దాని పేరు వినపడకూడదన్నారు మా ఆయన.”

“అందుకని పువ్వుకెట్టీసారా?”

“వీధంతా గింజలు పంచాను. పొద్దున్నే ఎవరో ఒకరు గేటు దగ్గరికొచ్చి, లీల పూలు రెండియ్యండీ అంటారు. ఏడేళ్ళ నుంచీ ఆ ఒక్క మాట కోసమే లేస్తున్నాను.”

“అయ్యగోరేటీ అనరా?”

“విననట్టే ఉంటారు. నీళ్ళు మాత్రం ఇప్పుడు ఆయనే పోస్తారు. నువ్వెందుకు ఏడుస్తున్నావు? అడుగు, ఇచ్చేస్తాను.”

“మీ పేరేటమ్మా?”

“నా పేరెందుకు? కరుణకుమారి.”

“అయ్యో తల్లీ…”

“ఏమైంది?”

“ఏటీ నేదు. నానెల్తాను. బేగెల్లాలి, బస్సు…”

“గింజలొద్దా?”

“మా ఇంటికాడ ఈ మొక్కకి ఏరే పేరుందమ్మా. మా కోడలెట్టింది. వొచ్చినప్పుడు కొంగున గింజలు కట్టుకొచ్చి పాతింది.”

“ఏం పేరు?”

“ఒద్దమ్మా.”

“చెప్పు. ఏం పేరు?”

“కరుణమ్మ పూలు. నానెల్తానమ్మా.”

“కూర్చో. తల్లి లేని పిల్లన్నావు. నీ కోడలి పేరేంటి?”

“అడక్కండమ్మా.”

“పేరు చెప్పు.”

“లీల పూల గింజలియ్యండమ్మా. మీ మనవరాలికి.”