బాపు చేతికి పట్టీ

జైనూర్ గుట్టల్లో మేకలు కాసే తండ్రి ఈమధ్య దారి మరిచిపోతున్నాడు. ఆయన ఎక్కడున్నాడో ఇంటికి తెలిపే చేతిపట్టీ తయారు చేద్దామని ప్రవళిక అరుగు మీద చిప్పులు, బ్యాటరీలు ముందేసుకుని కూర్చుంది.

“గీ సిమ్ము కార్డుదే పెట్టరాదు బిడ్డా?” పక్కన కూర్చున్న తండ్రి ఒక చిప్పు చూపించాడు.

“గుట్ట మీద సిగ్నల్ ఉండదు బాపు. దాని కోసం దేవులాడి దేవులాడి పొద్దుగూకకముందే బ్యాటరీ దిగిపోతది. గీ లోరా అనే రేడియో చిప్పు జరంత ముచ్చటే పంపుతది గని, సిగ్నల్ లేకున్నా మనింటి మీది యాంటెనా దాకా అందుతది.”

“ఊకె పంపుతనే ఉంటదా?”

“లేదు. పావుగంటకోసారి లేస్తది, నువ్వున్న జాగ చెప్తది, మళ్ల పంటది. గందుకే చిన్న బ్యాటరీ అయినా వారం పైనే వస్తది. పెద్దది పెడితే బరువని నువ్వే తీసి పారేస్తవ్.”

“నా చేతికి కడితే ఊరోళ్లు నవ్వుతరు. మేకపోతు మెడకు కట్టు. నేను దాన్ని ఇడిచి యాడికి పోత?”

ప్రవళిక చేతిలోని చిప్పు పక్కన పెట్టింది.

“మొన్న మేకలన్నీ ఇంటికొచ్చినయ్ బాపు. నువ్వే రాలే.”

తండ్రి గుట్ట వైపు చూశాడు.

“కట్టుకుంటే పోనిస్తవా?”

“పోనిచ్చేటందుకే గద చేస్తున్న.”

ఆయన ఎడమ చెయ్యి చాపాడు.

“కొలత తీస్కో. జర వదులుగ చెయ్యి.”