గౌడు తుపాకి పట్టుకోని బయటే నిలబడిన దినం

"అవ్వా, ఓట్లేసేకాడికి తుపాకి తీస్కపోకూడదంట గదా. మీ కాలంలో గూడా అంతేనా?"

అంతే లేమ్మా. అయితే మాకు తెలిస్తే గదా! మొట్టమొదుటి ఓట్లప్పుడు నేను ఎమ్మిగనూరు పక్కన ఒక పల్లెకి కొత్త కోడల్ని. నాకు ఇరవైయొకటి నిండినాదని మా మామ రాయించినాడు. నిండిందో లేదో ఎవురికి తెలుసు!

ఆ పొద్దు మగ్గాలు నిలిపేసి మా యత్త, నేను, మా వీధి ఆడోళ్లంతా బడికాడికి పోయినాం. మనసులో ఒకటే బయం. యాలంటే మా ఊరి గౌడు, అంటే ఊరి పెద్ద, సేన్లన్నీ ఆయప్పవే, యాడికి పోయినా బుజాన తుపాకి ఉండాల్సిందే. అప్పుడు గుర్తుకొక పెట్టె పెడ్తాండ్రి. 'నేను సెప్పిన పెట్టెలోనే కాయితం ఎయ్యాల, నేనాడ్నే నిలబడి సూస్తాంటా' అని ఇంటింటికీ సెప్పి పంపినాడు.

సెప్పినట్లే వచ్చినాడు. బడి ముందర సున్నంతో గీత గీసిండ్రి. ఆదోని నుంచి వచ్చిన అయ్యవారు, ఓట్లు జరిపిచ్చేది ఆయనే, సన్నగా ఉంటాడు పాపం, అడ్డమొచ్చినాడు.

"తుపాకి గీత దాటి రాకూడదండీ."

"లైసెన్సు ఉండాది దీనికి!"

"ఉన్నా సరే. ఓటేసేవాళ్లు బయపడకూడదు. బయట పెట్టి రండి, మీకూ ఓటుంది."

ఆయన మాత్రం జరగలే. లాటీ పట్టుకోని పోలీసాయన గూడా వచ్చి పక్కన నిలబడినాడు. తిరిగి ఇంటికి పోతే గౌడుకి పరువు పోదా? తన జీతగాన్ని పిలిసినాడు, "రేయ్, ఇది పట్టుకో" అని.

వాడేమో, "నేను లైన్లో ఉండానప్పా, వస్తే నా సోటు పోతాది" అనె!

ఆడోళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్యారు. మా యత్త ఊరుకునే మనిసి కాదు. "నేను పట్టుకుంటా లేప్పా. ముందు నా ఓటు ఏసొస్తా. అది సేతిలో ఉంటే నన్ను గూడా రానియ్యరు గదా" అన్యాది. ఇంగ నవ్వులే నవ్వులు!

అట్ల ఎండలో, గీత అవతల, తుపాకి పట్టుకోని ఆయప్ప నిలబడె. మేం ఒకరెనక ఒకరు లోపలికి పోతిమి. పరదా ఎనకాల నేనొక్కదాన్నే, అమ్మా. సూసేవాళ్లు లేరు, సెప్పేవాళ్లు లేరు. నాకు నచ్చిన పెట్టెలో ఏసినా. ఏ పెట్టెనో మీ తాతకి గూడా సెప్పలే.

మా యత్త మాట తప్పలే. బయటికొచ్చి, "ఇప్పుడు తే అప్పా" అని సేతులు సాపింది. ఆయప్ప గుండ్లు తీసేసి ఇచ్చినాడు. పసిబిడ్డని ఎత్తుకున్నట్లు సంకనేసుకునింది. గౌడు పోయి, అందరికన్నా ఎనకాల, తన జీతగాని ఎనకాల నిలబడినాడు!

ఏలికి సిరా పూయించుకోని వచ్చినాక మా యత్త అడిగింది, "ఎవురికి ఏస్తివప్పా?" అని.

సూసినాడు, సూసినాడు... ఫక్కుమని నవ్వినాడు. "నువ్వు సెప్పినావా, నేను సెప్పేదానికి?"

మీసాల్లోంచి పండ్లు కనపడేట్ల ఆ మనిసి నవ్వడం మేం అప్పుడే సూసింది. సల్లగా బతుకు తల్లీ, నీ కండ్లకి గూడా అట్లాటియి అగుపడనీ...