జర్మనీ కెమెరాను అప్పగించేశాను

అధ్యక్షత వహించి, త్వరగా ముగించమని కళ్లతోనే చెబుతున్న మా మ్యూజియం డైరెక్టరు గారికి, పెద్దలకు, నా తోటివాళ్లకు, ముందు వరసలో కూర్చున్న మా ఆయనకు నమస్కారం. (నవ్వులు)

నా పదవీ విరమణ సభలో ఇప్పటిదాకా మాట్లాడినవాళ్లంతా ఆ కెమెరాను వదిలి వెళ్లడం నాకు ప్రాణం పోయినంత పనన్నారు. అయ్యా, అదేం లేదు! రెండు ప్రపంచ యుద్ధాల మధ్య జర్మనీలో పుట్టి, హార్మోనియంలా మడతల తోలుతో తెరుచుకునే ఆ మహాతల్లి నా చేతికి వచ్చినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. వాన పడితే లెన్సుకు బూజు పడుతుందని భయం, ఎండ కాస్తే తోలు పగులుతుందని భయం. మా అమ్మాయికి కాన్పయితే, మనవరాలిని ఒళ్లో పెట్టుకుని, "బీరువా తలుపు సరిగ్గా వేశారా?" అని ఆఫీసుకు ఫోన్ చేసినదాన్ని నేను. మా అమ్మాయి ఆ మాట ఇప్పటికీ దెప్పుతుంది.

ఇక్కడి ఆనవాయితీ మీకు తెలిసిందే. కొత్తగా బాధ్యత తీసుకునేవాళ్లు ఆ కెమెరాతోనే వెళ్లిపోయేవాళ్ల ఫోటో తియ్యాలి. ముఖం తెలిసేలా వస్తేనే విడుదల. మొన్న నా చోటికి కొత్తగా వచ్చిన మా చిట్టితల్లి (అదిగో, స్తంభం చాటున దాక్కుంది, ఇలా రావమ్మా) నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "పిన్నిగారూ, కదలకండి" అంది. ముఖం గంటు పెట్టుకుని కూర్చున్నాను. నొక్కింది. ఇంకోటి తీస్తానంది. దాని వేళ్లు వణకడం లేదని అప్పుడు చూశాను. అమ్మయ్య, ఇక ఈ గొడవ నాది కాదు అనిపించి పక్కకు ఒరిగి పగలబడి నవ్వాను. మళ్లీ నొక్కింది.

మధ్యలో ఫిల్ము తిప్పడం మరిచిపోయింది! ఆ పాత కెమెరా గుర్తు చెయ్యదు, మనమే తిప్పుకోవాలి. కడిగించి చూస్తే ఒకే ఫోటోలో నేను రెండుసార్లు. పిల్ల ఏడుపు లంకించుకుంది. కథ మళ్లీ మొదటికొచ్చిందిరా దేవుడా అనుకున్నాను. డైరెక్టరు గారు మాత్రం ఆ ఫోటో అటూ ఇటూ తిప్పి చూసి, "ఒక ముఖం అడిగితే రెండొచ్చాయి, ఇంకేం కావాలమ్మా?" అని సంతకం పెట్టేశారు. (చప్పట్లు) బాబూ, మీ మేలు మరిచిపోను.

ఆ ఫోటో ఇంటికి తీసుకెళ్లి మా ఆయనకు చూపించాను. గంటు ముఖం మీద వేలు పెట్టి, "ఈవిడ నాకు బాగా తెలుసు" అన్నారు. నవ్వే ముఖం దగ్గర చాలాసేపు ఆగిపోయారు. "ఈవిణ్ని చూసి ఎన్నాళ్లయింది!" అన్నారు.

ఇన్నాళ్లూ నన్ను భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక ఆ నవ్వే ఆవిణ్ని ఇంటికి తీసుకెళ్తున్నాను. సెలవు.